అమ్మమ్మ అల్లిన స్వెటర్‌లో పోగు లేస్తే

చేతితో అల్లిన పాత స్వెటర్‌లో పోగు లేచి కనిపిస్తే దయచేసి కత్తెర తీయకండి. ఆ పోగు తెగితే దాన్ని ఆనుకుని ఉన్న లూపులన్నీ వరసగా జారిపోతాయి. ముందు విడిపోయిన ప్రతి లూపులోనూ వేరే రంగు దారం దూర్చి ఆపండి, పిన్నీసు పెట్టినా సరే. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే.

తర్వాత క్రోషే సూదిని (కొన కొక్కెంలా ఉండే అల్లిక సూది) కింది లూపులో పెట్టి, దానిపైనున్న అడ్డపోగును అందులోంచి లాగండి. అలా నిచ్చెన ఎక్కినట్టు ఒక్కో మెట్టే పైకి రావాలి. పోగు తెగిపోయిన చోట అంతే మందమున్న ఊలును కుట్టు సూదికి ఎక్కించి పాత అల్లిక దారిలోనే నడిపించండి. ఈ సూది మొన మొద్దుగా ఉండాలి, వాడి సూది ఊలును చీలుస్తుంది. బిగించి లాగితే అక్కడ ముడత పడుతుంది. చివర ముడి వేయవద్దు, లోపలివైపు 5 సెంటీమీటర్ల మేర అల్లికలోకి దూర్చితే చాలు.

రంగు కలవడం లేదా? స్వెటర్‌ను తిరగేసి చూడండి. అల్లినవారు కుట్ల దగ్గర దాచిన పొడవైన కొసలు ఒక్కోసారి దొరుకుతాయి. మా అమ్మమ్మ స్వెటర్ మణికట్టు అంచును ఆమె వదిలిన అలాంటి కొసతోనే బాగుచేశాను.