పాషన్ వక్రరేఖ కాలేజీ ల్యాబ్‌లోనే: గ్లో డిశ్చార్జ్ గొట్టం కట్టే పద్ధతి

తక్కువ పీడనంలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాసు గుండా కరెంటు పారి వెలగడమే గ్లో డిశ్చార్జ్. అది ఏ పీడనం దగ్గర ఎన్ని వోల్టులకు మొదలవుతుందో చూపే గ్రాఫు పాషన్ వక్రరేఖ. ప్లాస్మా (కరెంటు పారే స్థితికి వచ్చిన గ్యాసు) పరిశోధన వైపు వెళ్లాలనుకునే గుంటూరు, విజయవాడ ఎమ్మెస్సీ విద్యార్థులకు చివరి సెమిస్టర్‌లో ఈ వక్రరేఖ గీయడం కన్నా పనికొచ్చే ప్రాజెక్టు దొరకడం కష్టం. గాంధీనగర్ దగ్గర 1989లో మొదలైన ఆదిత్య టోకమాక్‌కైనా (ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రం), మీ గాజు గొట్టానికైనా ముందు కుదరాల్సింది వ్యాక్యూమ్. వెలుగు రప్పించడం తేలికే, లీకు పట్టుకోవడమే అసలు విద్య.

30 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న మందపాటి బోరోసిలికేట్ గొట్టం తీసుకోండి. ఎలక్ట్రోడ్లు 4 సెం.మీ. స్టీలు బిళ్లలు, ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పిస్తారు. అంచులు గుండ్రంగా, నునుపుగా ఉండాలని గట్టిగా చెప్పండి, వాళ్లు మామూలుగా పదునుగానే వదిలేస్తారు. రెండు బిళ్లల మధ్య దూరం 2 సెం.మీ. ఇవి కాక రెండంచెల రోటరీ పంపు, పిరానీ గేజి (తక్కువ పీడనాన్ని కొలిచే మీటరు), నీడిల్ వాల్వు (గాలిని కొద్దికొద్దిగా లోపలికి వదిలేది), 1 కిలోవోల్టు డీసీ సప్లయి కావాలి. సప్లయికి వరుసలో 50 కిలోఓమ్‌ల నిరోధం తప్పనిసరి. 10 కిలోఓమ్‌లవి అయిదు కలిపితే వోల్టేజి పంచుకుంటాయి. ఇది లేకపోతే గ్యాసు వెలిగిన మరుక్షణం కరెంటు ఆగకుండా పెరిగి ఆర్క్ (ఎలక్ట్రోడ్లను కాల్చేసే మెరుపు) పడుతుంది.

మన దగ్గర వానాకాలంలో పీడనం దిగదు. అందరూ లీకు అనుకుంటారు, చాలాసార్లు అది గోడలకు పట్టిన తేమ. తేల్చుకోవడానికి పంపు వాల్వు మూసి గేజి చూడండి. పీడనం ఒకే వేగంతో పెరుగుతూ పోతే లీకు. మొదట పెరిగి క్రమంగా నెమ్మదిస్తే తేమ. లీకైతే ముందు ఓ-రింగు (అతుకుల దగ్గర గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగు) తీసి వెలుతురులో చూడండి. లీకుకు దాని మీద ఒక్క వెంట్రుక చాలు. గ్రీజు దట్టంగా పూస్తే లీకు పోదు, గ్రీజే ఆవిరి వదులుతుంది. తేమైతే గ్యాస్ బల్లాస్ట్ (పంపులోకి కాస్త గాలి వదిలి తేమను బయటికి నెట్టే వాల్వు) తెరిచి అరగంట పంపు నడపండి. నూనె పాలలా తెల్లబడితే మార్చేయాలి. గొట్టంలోకి గాలి వదిలేటప్పుడు సిలికా జెల్ గుండా వదలండి.

కొలతకు ముందు పావుగంట గ్లో నడిపి ఎలక్ట్రోడ్లు శుభ్రపరచండి. అది చేయకపోతే రీడింగులు ఒకదానికొకటి కలవవు. తర్వాత 3 మిల్లీబార్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పీడనం దగ్గర వోల్టేజిని మెల్లగా పెంచుతూ, మీటరు ఒక్కసారిగా పడిపోయే ముందు చూపిన అంకె రాసుకోండి. మళ్లీ పెంచే ముందు ఒక నిమిషం ఆగండి. గాలికి వక్రరేఖలో కనిష్ఠం దాదాపు 330 వోల్టులు, 2 సెం.మీ. దూరానికి అది 0.4 మిల్లీబార్‌కు కాస్త అటూఇటుగా రావాలి.

ఎడమవైపు, అంటే తక్కువ పీడనం వైపు, వక్రరేఖ పైకి లేవకుండా చదునుగా వస్తే గేజిని తిట్టకండి. తక్కువ పీడనంలో డిశ్చార్జికి పొడవైన దారే సులువు, అందుకే బిళ్లల వెనక నుంచి చుట్టూ తిరిగి వెలుగుతుంది. గది చీకటి చేస్తే ఆ వెలుగు కళ్లకే కనిపిస్తుంది. బిళ్లల వెనకభాగం, కడ్డీలు టెఫ్లాన్ తొడుగుతో కప్పండి. ఆర్గాన్ జోలికి ఇప్పుడే పోవద్దు; గాలికి సరిచేసిన పిరానీ గేజి ఆర్గాన్‌లో అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

1 కిలోవోల్టు ప్రాణం తీస్తుంది. లోహభాగాలకు ఎర్తింగు, గొట్టం చుట్టూ పాలికార్బొనేట్ డబ్బా, కళ్లద్దాలు ఉండాల్సిందే.

ఆపేటప్పుడు ముందు వోల్టేజి సున్నాకి తెచ్చి, పంపు వాల్వు మూసి, పంపు ఆపి, వెంటనే పంపులోకి గాలి వదలండి. లేదంటే నూనె వెనక్కి ఎక్కుతుంది. కరెంటు పోయినా ఇదే ప్రమాదం, కాబట్టి పంపు దగ్గర కరెంటు పోగానే తనంతట మూసుకునే సోలినాయిడ్ వాల్వు పెట్టించండి.