పెద్ద ప్రింట్ వేయించాలంటే ఫిల్మా, డిజిటలా?

గోడకు తగిలించే ఫోటో కోసం కెమెరా కొనదలచినవారు ముందు ప్రింట్ సంగతి తేల్చుకోవాలి. ఎంత కొలతలో వేయిస్తారు, రంగులదా నలుపు తెలుపుదా, ఎంత దూరం నుంచి చూస్తారు, ఎవరు వేసిపెడతారు అన్నవి తెలిస్తే కెమెరా ప్రశ్న సగం తేలిపోతుంది.

కొలతతో మొదలుపెడదాం. చేత్తో పట్టుకుని చూసే ప్రింట్‌కు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే ఏ లోటూ కనిపించదు. ఆ లెక్కన 12×18 అంగుళాల ప్రింట్‌కు 3600×5400 పిక్సెళ్లు, అంటే 20 మెగాపిక్సెళ్లకు కొంచెం తక్కువ చాలు. 24 మెగాపిక్సెళ్ల మామూలు కెమెరా ఇందుకు సరిపోతుంది. 35 ఎం.ఎం. రీలులో ఒక్కో ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. దాన్ని మంచి స్కానర్ మీద అంగుళానికి 4000 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 21 మెగాపిక్సెళ్ల ఫైల్ వస్తుంది గాని, అందులో కొంత వివరం కాదు, ఫిల్మ్ గ్రెయినే (సన్నని ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు). 400 ఐఎస్ఓ (ఫిల్మ్ వెలుగుకు స్పందించే వేగం) రంగుల ఫిల్మ్ అయితే ఆ కొలతలో గ్రెయిన్ ఆకాశం మీదా, చెంపల మీదా తెలిసిపోతుంది. అందుకే నునుపైన రంగుల ప్రింట్ కోరేవారికి నా సలహా డిజిటలే. ఫిల్మ్ మీదే మనసుంటే 120 అనే వెడల్పాటి రీలు వాడే కెమెరా వెతకండి: రీలుకు 12 ఫోటోలే వచ్చినా, 6×6 (సెంటీమీటర్లు) ఫ్రేము వైశాల్యం 35 ఎం.ఎం. ఫ్రేముకు మూడున్నర రెట్లు పైమాటే.

ఫిల్మ్ ఎంచుకున్నవారు ఎక్కువగా మోసపోయేది స్కాన్ దగ్గర. చాలా ల్యాబ్‌లు ఇప్పుడు రీలు కడిగాక నెగటివ్‌ను స్కాన్ చేసి, ఆ ఫైల్ నుంచే ప్రింట్ వేస్తాయి. మా అమ్మమ్మ ఫోటో ఒకటి అలా 12×18లో వేయిస్తే, ఆమె నేతచీర అంచు అలికినట్టు వచ్చింది. అడిగితే స్కాన్ 1800×1200 పిక్సెళ్లని తేలింది. అంటే అంగుళానికి నూరు మాత్రమే. అదే నెగటివ్‌ను వేరేచోట 4000 చుక్కల్లో స్కాన్ చేయించినప్పుడు అంచులోని జరీ పోగులు విడివిడిగా కనిపించాయి. కాబట్టి రీలు ఇచ్చేముందే స్కాన్ ఎన్ని పిక్సెళ్లో, టిఫ్ ఫైల్ (వివరం పోకుండా దాచే రకం) ఇస్తారో లేదో అడగండి. నెగటివ్‌లు మాత్రం తప్పకుండా వెనక్కి తీసుకోండి.

నలుపు తెలుపు విషయంలో నా తీర్పు వేరు. ఎన్లార్జర్ (నెగటివ్‌లోని బొమ్మను పెద్దదిగా కాగితం మీద పడేసే యంత్రం) కింద ఫైబర్ కాగితం మీద వేసి, హైపో (బొమ్మను స్థిరపరిచే రసాయనం) పూర్తిగా పోయేదాకా కడిగిన వెండి ప్రింట్‌లో ఉండే నలుపు లోతు చూసినవారికి మరొకటి ఆనదు. వెండి బొమ్మ మన్నికకు సాక్ష్యం కావాలంటే నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల నెగటివ్‌లు ఉన్నాయి. 19వ శతాబ్దంలో తీసినవి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. డార్క్‌రూమ్ అందుబాటులో ఉంటే, నలుపు తెలుపుకు సందేహించకుండా ఫిల్మ్ తీసుకోండి.

వెలుగు కొలిచే తీరు రెండింటికీ ఒకటి కాదు. మిట్టమధ్యాహ్నం తెల్ల పంచె కట్టుకున్న మనిషిని తీస్తున్నారనుకోండి. నెగటివ్ ఫిల్మ్ ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఎక్కువ వెలుగు పడినా పంచె మడతలను నిలుపుకుంటుంది గనుక నీడను బట్టి కొలవాలి. డిజిటల్‌లో తెలుపు ఒకసారి కాలిపోతే మడతలు ఇక తిరిగిరావు, ప్రింట్‌లో అక్కడ ఉత్త కాగితమే మిగులుతుంది. కాబట్టి పంచెను బట్టి కొలిచి, రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్) తీసి, నీడలను తరువాత పైకి తెచ్చుకోవాలి.

మన ఎండలకు ఫిల్మ్‌ను ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. బయటికి తీసిన వెంటనే డబ్బా తెరిస్తే తేమ పడుతుంది, రెండు మూడు గంటలు ఆగండి.

కెమెరా కొనేముందు రెండు రకాలూ అద్దెకో, అరువుకో తెచ్చి ఒకే దృశ్యాన్ని తీయండి. పూర్తి కొలతలో ప్రింట్ వేయించనక్కరలేదు. చివరికి వేయించదలచిన కొలతకు ఫైల్‌ను పెంచి, అందులో ముఖం ఉన్నచోట 8×12 ముక్క కత్తిరించి వేయించండి. ఆ రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి, ట్యూబ్‌లైటు కింద కాకుండా వరండాలో పగటి వెలుగులో చూడండి.