ఊరెళ్తే కుక్క తిండి మానేస్తోందా? బెంగ అనుకునే ముందు ఇది చూడండి

కాశీ యాత్రకు పదిహేను రోజులు పోవాలన్నా, కూతురి పురుడికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండాలన్నా, కుక్క ఉన్న ఇంట్లో మొదట తేలాల్సింది దాన్ని ఎవరికి అప్పగించాలన్నదే. ఎలాగో ఒకరు దొరుకుతారు. అసలు తంటా ఆ తర్వాతే మొదలవుతుంది. కడపలో ఊరెళ్లేవాళ్ల కుక్కలను చాలా ఏళ్లుగా మా ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నాను కాబట్టి ఎక్కువగా ఎదురయ్యే సమస్యలు రాస్తున్నాను. టీకాలు, బెల్టు, నీళ్ల గిన్నె లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు.

సమస్య: కారులో వాంతులు

బయలుదేరే ముందు ప్రేమగా కడుపు నిండా పెట్టడమే చాలాసార్లు కారణం. ప్రయాణానికి ఐదారు గంటల ముందే తిండి ఆపేయండి, నీళ్లు మాత్రం ఆపొద్దు. రాయచోటి వైపు వెళ్తుంటే గువ్వలచెరువు ఘాటు మలుపుల్లో అద్దం కాస్త దించి ఉంచండి. అయినా ఆగకపోతే డాక్టరు బిళ్ల రాస్తారు. కోవా కొనడానికి దిగినప్పుడు మాత్రం ఎండలో నిలిపిన కారులో కుక్కను ఐదు నిమిషాలు కూడా వదిలేయొద్దు.

సమస్య: రైలు ఎక్కనివ్వలేదు

స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లో పెద్ద కుక్కను తీసుకెళ్లనివ్వరు. ఫస్ట్ ఏసీలో 2 బెర్తుల కూపేగానీ 4 బెర్తుల క్యాబిన్‌గానీ పూర్తిగా మీదే అయితే వెంట తీసుకెళ్లొచ్చు. లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు ఉండే పెట్టె, అంటే బ్రేక్ వ్యాన్‌లోని బాక్సులో పంపాలి. ఫస్ట్ ఏసీ టికెట్లు రెండు తీసినంత మాత్రాన కూపే ఖాయం కాదు, చార్టు వేసేటప్పుడే అది తేలుతుంది. అందుకే ముందుగానే రైల్వేవాళ్లకు అర్జీ పెట్టుకోండి. టీకా కార్డు, ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు తీసుకున్న పశువైద్యుడి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో బ్రేక్ వ్యాన్ వద్దే వద్దు.

సమస్య: అప్పగించిన చోట విరేచనాలు

ఇంట్లో పెరుగన్నం తినే కుక్కకు అక్కడ పాలు పోస్తారు, మాంసం వేస్తారు. తిండి మారితే పొట్ట చెడుతుంది. ఇంట్లో తినేదే సంచిలో కట్టి ఇవ్వండి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు రక్తంతో విరేచనాలైతే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సమస్య: తిండి మానేసి మూలన పడుకుంటోంది

ఇదొక్కటి మాత్రం నిదానంగా చదవండి. ఫోన్లో యజమానుల మాట ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "అన్నా, మావోడు రెండు దినాలుగా అన్నం ముట్టల్యా. మేం ఊర్లో లేమని బెంగ పెట్టుకున్నాడు." నేను మొదట అడిగేది జ్వరం చూశారా అని. ఎవరూ చూసి ఉండరు. ముక్కు తడిగానే ఉంది కదా అంటారు. ముక్కు తడిని బట్టి జ్వరం ఉందో లేదో తెలియదు.

బెంగ లేదనడం లేదు. కానీ అది మీరు గేటు దాటిన రోజే మొదలవుతుంది. ఒకటి రెండు రోజులు అన్నం వదిలేస్తుంది, బండి చప్పుడు వినిపిస్తే గేటు దగ్గరికి పరుగెత్తుతుంది, చేత్తో కోడి ముక్క పెడితే తీసుకుంటుంది, రోజురోజుకీ తేరుకుంటుంది. వారం, పది రోజులు బాగా తిని ఉన్నట్టుండి మానేసిందంటే అది బెంగ కాదు. కోడి ముక్కనూ వాసన చూసి వదిలేసిందంటే అసలే కాదు. మన వైపు ఎక్కువగా అది గోమార్ల (పిడుదుల) జ్వరం.

దొంగదెబ్బ తీసేది ఇక్కడే. కుక్కల మీద ఉండే గోధుమరంగు గోమారు ఎర్లీకియా అనే సూక్ష్మజీవిని రక్తంలోకి ఎక్కిస్తుంది. కుట్టిన తర్వాత 8 నుంచి 20 రోజులకు గానీ జ్వరం బయటపడదు. నాలుగు రోజులు బంధువుల ఇంట్లో వదిలితే మీరు తిరిగొచ్చాక జబ్బు పడుతుంది, నెల రోజులు వదిలితే మీరింకా ఊర్లో లేనప్పుడే పడుతుంది. ఎలా చూసినా యజమాని ఊరెళ్లడం, కుక్క జబ్బు పడటం పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే తప్పు బెంగ మీదికి పోతుంది. మీరొస్తే సర్దుకుంటుందిలే అని ఆగిన ఆ వారంలో రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతూనే ఉంటాయి.

చూడాల్సినవి చెప్తాను. డిజిటల్ థర్మామీటర్ కొసకు వాసెలిన్ రాసి మలద్వారంలో అంగుళం మేర పెట్టండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 103 దాటితే ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, గులాబీ రంగు పోయి తెల్లబడ్డాయా? పొత్తికడుపు మీద ఎర్ర చుక్కలున్నాయా? ముక్కు నుంచి రక్తం వచ్చిందా? తర్వాత చెవి మడతల లోపల, మెడ పట్టీ కింద, కాలివేళ్ల సందుల్లో వేలితో తడమండి. రక్తం తాగి కందిగింజలా ఉబ్బిన గోమారు దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. వేళ్లతో నలపొద్దు, కిరసనాయిలు పోయొద్దు. ఒక్కటీ దొరకకపోయినా జ్వరం కాదనుకోకండి, కుట్టింది ఎప్పుడో రాలిపోయి ఉంటుంది.

వెంటనే రక్తపరీక్ష చేయించండి. కుక్కకు ప్లేట్‌లెట్లు మామూలుగా రెండు లక్షలకు పైనే ఉంటాయి. దగ్గర్లో పరీక్ష కుదరకపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. దీనికి డాక్టర్లు సాధారణంగా రాసేది డాక్సీసైక్లిన్, బరువును బట్టి మోతాదు, ఎక్కువగా 28 రోజుల కోర్సు. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగి కుక్క లేచి తోక ఊపుతుంది. అప్పగించుకున్నవాళ్లు అక్కడే బిళ్లలు ఆపేస్తారు. అలా ఆపితే రోగం లోపలే నక్కి, నెలల తర్వాత మూలుగను దెబ్బతీసి తిరగబెడుతుంది. అప్పుడు రక్తం ఎక్కించినా దక్కుతుందన్న నమ్మకం ఉండదు. కాబట్టి ఊర్లో లేకపోయినా రోజూ ఫోన్ చేసి బిళ్ల వేశారా అని అడగండి. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది, రెండు ముద్దలైనా పెట్టాకే వేయాలి. మన ఇంట్లో వాడే జ్వరం బిళ్లలు, నొప్పి బిళ్లలు ముట్టుకోవద్దు, కుక్కకు అవి విషమయ్యే ప్రమాదం ఉంది.

ఇక ఊరెళ్లే ముందు పని. ప్రయాణానికి వారం ముందే గోమార్ల మందు పడిపోవాలి. నెలకోసారి, మూడు నెలలకోసారి వేసే బిళ్లలున్నాయి. ఫిట్స్ వచ్చే కుక్కైతే డాక్టరుకు ముందే చెప్పండి. ఎన్ని నెలలు పోతున్నారో లెక్కేసి తర్వాతి డోసు కూడా కొనిచ్చి వెళ్లండి. వేపాకు నీళ్ల స్నానాన్ని నమ్ముకోకండి. అప్పగించే ఇంటిని కూడా ఒకసారి చూసి రండి. పరిచిన కడప బండల సందుల్లో, గోడ పగుళ్లలో, కుక్కను కట్టేసే రేకుల షెడ్డు మూలల్లో గోమార్లు వేల గుడ్లు పెడతాయి, రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. సాయంత్రం గోడ మీద పైకి పాకే గోమారు ఒక్కటి కనిపించినా, ఆ సందుల్లో మందు కొట్టించేదాకా కుక్కను అక్కడ వదలొద్దు.

పంటి నొప్పి, కిడ్నీ, కాలేయం లాంటి కారణాలూ ఉంటాయి గానీ తక్కువ. పైవన్నీ చూశాక అవి డాక్టరు తేల్చాల్సినవి.

పిల్లి ఉంటే దాన్ని ఇల్లు మార్చకుండా, ఉన్న ఇంటికే ఎవరినైనా రోజూ రమ్మనండి. కుక్క గోమార్ల మందు పిల్లికి పూయొద్దు, వాటిలో కొన్ని పిల్లి ప్రాణం తీస్తాయి. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మర్నాడే డాక్టరుకు చూపించాలి. తిండి మానేస్తే పిల్లికి కాలేయం కొద్ది రోజుల్లోనే దెబ్బతింటుంది, లావుపాటి పిల్లికి మరీ త్వరగా.