సిమ్ రేసింగ్ పాఠాలు – 4: బ్రేకు ఎక్కడ తొక్కాలి, ఎక్కడ వదలాలి

సిమ్ రేసింగ్ అంటే స్టీరింగ్, పెడళ్లు పెట్టుకుని స్క్రీన్ మీద ఆడే కారు పందేల ఆట. పోయిన భాగంలో స్క్రీను దూరం, స్టీరింగ్ తిరుగుడు, పెడళ్ల ఎత్తు సరిచేసుకున్నాం. ఒక సంగతి చెప్పడం మరిచాను. కావలిలో మా ఇంటికి వచ్చినప్పుడు మా మేనల్లుడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆడతాడు. బ్రేకు గట్టిగా తొక్కిన ప్రతిసారీ నున్నటి టైల్స్ మీద కుర్చీ వెనక్కి జారేది. స్క్రీన్ మీద కారు ముందుకు, ఇంట్లో వాడు వెనక్కి. చివరికి కుర్చీకీ గోడకూ మధ్య బియ్యం బస్తా ఇరికించాం. పెడళ్లు జారకుండా వాటికి ఎదురుగా రెండు ఇటుకలు పేర్చాం. ఆ సాయంత్రానికే వాడి ల్యాపుల సమయాలు, అంటే ట్రాక్‌ను ఒక్కోసారి చుట్టి రావడానికి పట్టే సమయాలు, ఒకదానికొకటి దగ్గరపడ్డాయి. నవ్వుకున్నా సరే, మీరూ ఇలాంటి ఏర్పాటు చేసుకోండి. ప్రతి ల్యాపులోనూ కాలు ఒకే బలంతో నొక్కకపోతే ఈ భాగంలో చెప్పేదేదీ పనిచేయదు.

సాధనకు ఈసారి ఇటలీలోని మోంజా ట్రాక్ తీసుకుందాం. 1922లో కట్టినది, ఇప్పటి పొడవు 5.793 కిలోమీటర్లు. అసెట్టో కోర్సా ఆటలో ఉంది, గ్రాన్ టురిస్మో 7లోనూ ఉంది. మన దేశంలోని బుద్ధ్ సర్క్యూట్ ఎందుకు తీసుకోలేదని అడుగుతారేమో. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ పందేలు జరిగిన ట్రాక్ అది, నాకూ అభిమానమే. కానీ అక్కడ మూడో మలుపు ముందు దారిని కావాలనే బాగా వెడల్పు చేశారు. బయటి అంచు ఎక్కడుందో కొత్తవాళ్లకు అంతుపట్టదు. మోంజాలో ఆ తికమక లేదు. పొడవైన తిన్నని దారి, దాని చివర మలుపు, మలుపు ముందు దూరం చెప్పే 200, 150, 100 బోర్డులు. పలక మీద అక్షరాలు దిద్దుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

ముందు కాస్త లెక్క. గంటకు 216 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 60 మీటర్లు. బ్రేకు తొక్కడంలో సెకనులో పదో వంతు తేడా వస్తే 6 మీటర్లు, అంటే ఒక చిన్న లారీ పొడవంత తేడా వచ్చినట్టే. బ్రేకు పట్టినప్పుడు కారు వేగం ప్రతి సెకనుకూ 10 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. మంచి టైర్లున్న కారుకు ఇది న్యాయమైన అంచనా. అప్పుడు గంటకు 72 కిలోమీటర్ల నుంచి పూర్తిగా ఆగడానికి 20 మీటర్లు పడుతుంది. 144 నుంచి ఆగడానికి 80, 216 నుంచి 180 మీటర్లు. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. కొత్తవాళ్ల కళ్లు మోసపోయేది ఇక్కడే. ఊళ్లో మోటారు సైకిలు నడిపిన అనుభవంతో దూరాన్ని అంచనా కడతారు. ఆ అంచనా 60 దగ్గర సరిపోతుంది, 200 దగ్గర నట్టేట ముంచుతుంది.

మలుపు దగ్గర మనం ఆగము కదా, తగ్గుతాం. 216 నుంచి 72కు తగ్గడానికి పై లెక్క ప్రకారం 160 మీటర్లు కావాలి. పూర్తిగా ఆగడానికి 180, మలుపు వేగానికి రావడానికి 160. చివరి 72 కిలోమీటర్ల వేగం పోవడానికి పట్టేది 20 మీటర్లే. బ్రేకు పని అంతా మొదట్లోనే ఉంది. కాబట్టి తొలి తొక్కు గట్టిగా పడాలి. మెల్లగా మొదలుపెట్టి మలుపు దగ్గరయ్యేకొద్దీ భయంతో గట్టిగా నొక్కడం మనందరికీ ఉన్న అలవాటు. రోడ్డు మీద అది మర్యాద, ట్రాక్ మీద నష్టం.

ఇప్పుడు గుర్తుల సంగతి. బ్రేకింగ్ పాయింట్ అంటే ఫలానా చోట బ్రేకు తొక్కుతానని మీరు పెట్టుకునే గుర్తు. అది కదలనిదై ఉండాలి. చెట్టు నీడను గుర్తు పెట్టుకున్నారంటే ఆటలో పొద్దు వాలగానే నీడతో పాటు మీ బ్రేకు కూడా జరుగుతుంది. ముందుపోతున్న కారు బ్రేకు దీపాలను నమ్ముకుంటే వాడి తప్పు మీదవుతుంది. దూరం బోర్డు, కర్బు (ట్రాక్ అంచున రంగులు వేసిన గట్టు) మొదలయ్యే చోటు, తారు రంగు మారే గీత, కంచెలో ఖాళీ, ఇవన్నీ మంచి గుర్తులు. బోర్డుకు ముందే కనిపించే మరో గుర్తు కూడా పెట్టుకోండి. అది కనబడగానే కాలు సిద్ధమవుతుంది, బోర్డు రాగానే పడుతుంది. బోర్డును చూశాక తొక్కుదామనుకుంటే అది అప్పటికే వెనకబడిపోయి ఉంటుంది.

చాలా ఆటల్లో రోడ్డు మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల గీత చూపే సదుపాయం ఉంటుంది. నా మాట వినండి, దాన్ని తీసేయండి. గైడు చదివి పరీక్ష గట్టెక్కినవాడిని పాఠంలో ప్రశ్న అడిగితే ఎలా తడబడతాడో, ఆ గీతతో నేర్చుకున్నవాడు గీత లేనప్పుడు అలా తడబడతాడు. కళ్లన్నీ కారు ముక్కు ముందున్న రంగు మీదే ఉంటాయి, మలుపు చివర వైపు పోవు. మొదటి రోజు ట్రాక్ ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి ఒకటి రెండు ల్యాపులు వాడుకోవచ్చు. అంతే.

ఇక రేసింగ్ లైను, అంటే మలుపులో కారు పట్టుకుని పోవాల్సిన దారి. దోర్నాల నుంచి శ్రీశైలం బస్సెక్కినవాళ్లు ఘాట్ రోడ్డులో డ్రైవరు పని గమనించే ఉంటారు. వంపు వచ్చే ముందు బస్సును బయటి వైపుకు తీసుకుని అప్పుడు తిప్పుతాడు. పొడవైన బస్సు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుని వస్తాయి, వాటికి చోటు కావాలి కాబట్టి అలా చేస్తాడు. ట్రాక్ మీద మనకు కారణం వేరే, పని మాత్రం అదే. ఒక 90 డిగ్రీల మలుపు అనుకోండి. ట్రాక్ వెడల్పు 10 మీటర్లు, లోపలి అంచు వ్యాసార్ధం 20 మీటర్లు, బయటి అంచుది 30. దారికి నడిమధ్యనే పోతే కారు 25 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు వదిలితే ఆ వ్యాసార్ధం సుమారు 54 మీటర్లు. టైర్ల పట్టు అదే. కానీ మొదటి దారిలో గంటకు 57 కిలోమీటర్లకు మించి పోలేరు, రెండో దారిలో దాదాపు 84 దాకా పోవచ్చు. కాగితం, కంపాస్ తీసుకుని గీసి చూడండి, నమ్మకం కుదురుతుంది. లోపలి అంచును తాకే ఆ చోటునే ఏపెక్స్ అంటారు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఈ రేసింగ్ లైను ఎదురుగా బండ్లు రాని ట్రాక్ కోసం పుట్టింది. నెల్లూరు నుంచి ఆత్మకూరు పోయే ముంబయి రహదారి మీద మలుపులో అవతలి వైపు మీది కాదు. ఆట మానేసిన అరగంట దాకా నేను మా ఇంట్లో ఎవరికీ బండి తాళం ఇవ్వను.

నిండు వ్యాసార్ధం గీత అందంగానే ఉంటుంది, కానీ అన్ని మలుపులకూ అది సరైనది కాదు. మలుపు తరవాత పొడవైన దారి ఉంటే ఏపెక్స్‌ను కొంచెం వెనక్కి, అంటే మలుపు చివర వైపుకు జరపాలి. స్టీరింగ్ ఆలస్యంగా తిప్పుతారు, మొదటి సగంలో కాస్త నెమ్మదిగా పోతారు. అందుకు బదులుగా చివరి సగంలో దారి తిన్నగా తెరుచుకుంటుంది, యాక్సిలరేటర్ ముందుగా తొక్కగలుగుతారు. దీనికి మోంజాలో రెండో లెస్మో చక్కని బడి. ఆ కుడి మలుపు దాటాక దారి పాత ఓవల్ ట్రాక్ వంతెన కిందుగా దూరి అస్కారీ మలుపుల దాకా పోతుంది.

మా వాడు అక్కడే దెబ్బ తిన్నాడు. ఏపెక్స్‌ను తాకాలన్న ఆత్రంతో ముందే స్టీరింగ్ తిప్పేవాడు. లోపలి కర్బును తాకేవాడు కూడా, "చూడు మామయ్యా, సరిగ్గా తాకాను" అని సంబరపడేవాడు. అప్పటికి మలుపు సగమే అయ్యేది. కారు ముక్కు ట్రాక్ బయటికి చూస్తూ ఉండేది. యాక్సిలరేటర్ తొక్కగానే వదిలేయాల్సి వచ్చేది, లేకపోతే ఎడమ చక్రాలు రాళ్లలోకి. "ఏపెక్స్ తాకావు సరే, వంతెన కింద వేగం ఎంతరా?" అని అడిగాను. వాడు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి వంతెన దగ్గర స్పీడోమీటరు చూసి అంకె పైకి చదవమన్నాను. స్టీరింగ్ తిప్పడం ఒక కారు పొడవు ఆలస్యం చేశాక ఆ అంకె 5 పెరిగింది. మలుపులో తాను నెమ్మదిగా పోతున్నట్టు అనిపిస్తోందని మాత్రం పేచీ పెట్టాడు. అనిపించడం నిజమే. అంకె కూడా నిజమే.

అందుకే మలుపును వెనక నుంచి చదవాలంటాను. ముందు బయటికి వచ్చే చోటు చూసుకోండి. అక్కడికి తిన్నగా చేర్చే ఏపెక్స్ ఏది? ఆ ఏపెక్స్‌ను అందుకోవాలంటే స్టీరింగ్ ఎక్కడ తిప్పాలి? అక్కడ ఎంత వేగం ఉండాలి? ఆ వేగానికి రావాలంటే బ్రేకు ఎక్కడ మొదలవ్వాలి? బ్రేకింగ్ పాయింట్ ఈ లెక్కలో చివరి జవాబు. దాన్నే మొదటి ప్రశ్నగా పెట్టుకుని, "నీకన్నా 5 మీటర్లు ఆలస్యంగా తొక్కాను" అని పందెం వేసుకునే కుర్రవాళ్లను చాలామందిని చూశాను. ఆ 5 మీటర్ల విలువ ఎంతో చూద్దాం. 72తో పాకాల్సిన 5 మీటర్లను 216తో దాటినందుకు మిగిలేది సెకనులో ఆరో వంతు. అది కూడా మలుపు చెడకపోతేనే. తరవాతి కిలోమీటరు తిన్నని దారిలో సగటున సెకనుకు 50 మీటర్ల బదులు 51 మీటర్లు పోగలిగితే మిగిలేది 0.4 సెకను.

బ్రేకు వదలడం అసలు విద్య. బస్సులో నిలబడి ప్రయాణం చేసినవాళ్లకు దీని గురించి పుస్తకం అక్కర్లేదు. డ్రైవరు బ్రేకు వేస్తే అందరూ ముందుకు తూగుతారు. బస్సు ఆగే క్షణంలో బ్రేకు అలాగే బిగబట్టి ఉంచితే అందరూ ఒక్కసారి వెనక్కి విరుచుకుపడతారు. చెయ్యి తిరిగిన డ్రైవరు చివరి గజంలో కాలు సడలిస్తాడు, చంకలో పిల్ల కూడా లేవదు. కారు బరువు కూడా ఆ ప్రయాణికుల లాంటిదే. బ్రేకు పట్టినప్పుడు బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, అవి నేలను గట్టిగా కరుచుకుంటాయి, స్టీరింగ్ మాట వింటాయి. స్టీరింగ్ తిప్పుతున్న క్షణంలోనే బ్రేకును టక్కున వదిలేస్తే బరువు వెనక్కి పోతుంది, ముక్కు లేస్తుంది, కారు తిరగకుండా ముందుకే పోతుంది. "స్టీరింగ్ పాడైంది" అని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామందికి పాడైంది పాదం.

కాబట్టి స్టీరింగ్ తిరిగేకొద్దీ బ్రేకు కొంచెం కొంచెంగా సడలాలి. ఏపెక్స్ దగ్గరికి వచ్చేసరికి సున్నా కావాలి. టైరు పట్టు వంద అనుకుంటే బ్రేకుకు డెబ్బై ఇస్తే మలుపుకు ముప్పై మిగులుతుందని అనుకుంటాం. అలా కాదు. బ్రేకు వెనక్కి లాగుతుంది, మలుపు పక్కకు లాగుతుంది, రెండూ లంబంగా ఉంటాయి. డెబ్బై బ్రేకుకు ఇచ్చినా మలుపుకు ఇంకో డెబ్బై దాకా దొరుకుతుంది. వర్గాలు కూడి చూడండి, వందలోపే ఉంటుంది. బ్రేకు పూర్తిగా వదిలాకే స్టీరింగ్ ముట్టుకునేవాడు ఈ ఉచితాన్ని ప్రతి మలుపులోనూ పారబోసుకుంటున్నాడు. కీబోర్డుతో ఆడేవాళ్లకు ఇది కష్టం, అక్కడ బ్రేకు ఉంటే మొత్తం, లేకపోతే లేదు. కనీసం గేమ్‌ప్యాడ్ ఉంటే దాని ట్రిగ్గరుతో చాలావరకు సాధించవచ్చు.

ఇంకొక్క జాగ్రత్త. ముందు కారు వెనకే అంటుకుని పోతే గాలి అడ్డు తగ్గి మీ వేగం పెరుగుతుంది. రెక్కలున్న కారైతే గాలి కిందికి నొక్కే బలం కూడా తగ్గుతుంది. అప్పుడు రోజూ తొక్కే చోట తొక్కితే ముందువాడి డిక్కీలో ఉంటారు. గుర్తును మలుపుకు ఇంకాస్త దూరంగా పెట్టుకుని, ముందే తొక్కండి. వాన పడినా, ట్యాంకు నిండా పెట్రోలుతో బయలుదేరినా ఇదే.

ఈ వారం పని. ట్రాక్ మీద ఒంటరిగా దిగండి, 5 ల్యాపులకు సరిపడా పెట్రోలు చాలు. మొదటి మలుపు కుడికి తిరిగి వెంటనే ఎడమకు తిరిగే వంకర. దాని ముందు 200 బోర్డు దగ్గర గట్టిగా తొక్కి కారును పూర్తిగా ఆపేయండి. మలుపు ఇంకా ఎంత దూరంలో ఉందో చూసి కాగితం మీద రాసుకోండి. రెండోసారి అక్కడే తొక్కి, ఈసారి ఆగకుండా మలుపులోకి పోండి. ఆ తరవాత ప్రతి ల్యాపుకూ సుమారు 10 మీటర్ల చొప్పున గుర్తును మలుపు వైపు జరపండి. ఏపెక్స్ తప్పిన మొదటి ల్యాపు దగ్గర ఆగి, ఒక మెట్టు వెనక్కి రండి. అదే ప్రస్తుతానికి మీ బ్రేకింగ్ పాయింట్.

తరవాత రెండో లెస్మో. పది ల్యాపులు, ప్రతిసారీ వంతెన కింద వేగం పైకి చదివి రాయించండి. రాసేవాళ్లు లేకపోతే ఫోనులో మాట రికార్డు చేసుకోండి. అన్నిటికన్నా పెద్ద అంకె వచ్చిన ల్యాపును రీప్లేలో పెట్టి, స్టీరింగ్ ఎక్కడ తిరిగిందో, స్క్రీన్ మీద బ్రేకు ఎంత నొక్కారో చూపే పట్టీ సున్నాకు ఎక్కడ దిగిందో చూసి ఆ రెండు చోట్లూ గుర్తు పెట్టుకోండి. ఆ కాగితం పారేయకండి. అయిదో భాగంలో అస్కారీకి పోతాం. ఎడమ, కుడి, ఎడమ, మూడు మలుపులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉంటాయక్కడ. ఆ మలుపుల్లోకి మీరు ఎంత వేగంతో వస్తున్నారో తెలియాలంటే ఈ వంతెన అంకెలే కావాలి.