చేప ఒంట్లో ఉప్పూ నీళ్లూ – 4వ పాఠం: కార్టిసాల్ ఎవరి పక్షం?

పాకాల చెరువులోని బొచ్చె చేపకు మూత్రం ఎందుకు ఎక్కువ అని పోయిన పాఠంలో అడిగాను. ఎక్కువ మంది రాసింది ఒకటే: అది నీళ్లు బాగా తాగుతుంది, అందుకే మూత్రం ఎక్కువ. తప్పు. దాని రక్తం గాఢత 300 మిల్లీఆస్మోల్ (నీళ్లలో ఉప్పులాంటివి ఎంత కరిగి ఉన్నాయో చెప్పే కొలత) దగ్గర ఉంటుంది, చెరువు నీళ్లది పది అటూ ఇటూ. నీళ్లు పలచటి వైపు నుంచి గాఢమైన వైపు పోతాయి, కాబట్టి తాగకున్నా మొప్పల గుండా జొరబడుతూనే ఉంటాయి. వాటిని పలచటి మూత్రంగా తోడిపోయడమే కిడ్నీ పని. తాగక తప్పనిది సముద్రపు చేపకు, అక్కడి నీళ్లు 1000, ఒంట్లో నీళ్లే బయటికి పోతాయి కాబట్టి. ఇది తేలకుండా హార్మోన్ల పేర్లు బట్టీ పట్టి లాభం లేదు.

ప్రొలాక్టిన్ అనే హార్మోన్ గురించి రెండు ముక్కలు చాలు. మంచినీళ్లలో మొప్పల నుంచి ఉప్పు కారిపోకుండా బిగించేది అదే. ప్రొలాక్టిన్ వదిలే పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) తీసేసిన కిల్లీఫిష్ అనే చిన్న చేప మంచినీళ్లలో చచ్చిపోతుందనీ, ప్రొలాక్టిన్ ఇస్తే బతుకుతుందనీ 1959లో పిక్‌ఫర్డ్, ఫిలిప్స్ చూపారు. తిలాపియా చేపలో ప్రొలాక్టిన్ వదిలే కణాలు మెదడు ఆజ్ఞ కోసం కూడా ఆగవు. రక్తం పలచబడితే నీళ్లు చేరి ఉబ్బుతాయి, లోపలికి కాల్షియం వస్తుంది, హార్మోన్ వదులుతాయి.

ఇక ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ దగ్గర నాకు చిరాకు తెప్పించేది: "ప్రొలాక్టిన్ మంచినీళ్లకు, కార్టిసాల్ సముద్రానికి" అనే రెండు గడుల పట్టిక. చింపేయండి. ఎముకల చేపలకు ఆల్డోస్టిరాన్ (మన ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే హార్మోన్) లేదు, ఆ బరువూ కార్టిసాల్ మీదే పడింది. గ్రోత్ హార్మోన్ తోడైతే ఉప్పును బయటికి నెట్టే కణాలను పెంచుతుంది. ప్రొలాక్టిన్ తోడైతే లోపలికి లాగే కణాలను నిలబెడుతుంది. రెండు రకాల కణాల్లోనూ సోడియం-పొటాషియం పంపు (ఉప్పును కదిలించే ప్రోటీన్) ఉంటుంది, మారేది ఉప్పు పోయే వచ్చే కణం వాకిళ్లు. అంటే కార్టిసాల్ తాపీమేస్త్రీ లాంటిది. గోడ ఎటు కట్టాలో పక్కనున్న హార్మోన్ చెబుతుంది.

దీనికి తోక ఇంకొకటి. వల లాగగానే కార్టిసాల్ పెరిగింది, ఉప్పు పోయింది, కాబట్టి పోగొట్టింది కార్టిసాలే అంటారు. కాదు. ఆ గడియలో మొప్పలకు రక్తం ఎక్కువ పంపి ఉప్పు కారేలా చేసేది అడ్రినలిన్. ఊపిరి కోసం తెరిచిన తలుపులోంచే ఉప్పు జారిపోతుంది.

అందుకే చేపపిల్లలను డ్రమ్ముల్లో తోలేటప్పుడు ఉప్పు వేస్తారు. లీటరుకు 3 గ్రాములు, అంటే 200 లీటర్ల డ్రమ్ముకు 600 గ్రాములు. నేనైతే దొడ్డుప్పును ముందే బకెట్లో కరిగించి పోయమంటాను. అట్లనే గుమ్మరిస్తే అడుగున గాఢంగా చేరుతుంది.

అభ్యాసం: లీటరుకు 9 గ్రాముల ఉప్పు సుమారు 300 మిల్లీఆస్మోల్. ఆ డ్రమ్ములో రక్తానికీ నీళ్లకూ తేడా ఎంత తగ్గింది? తర్వాత, సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురెక్కే పులసకు ప్రొలాక్టిన్, గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ ఒక్కొక్కటి ఎటు మారాలో కారణంతో రాయండి. కార్టిసాల్ దగ్గర "తగ్గాలి" అని ఒక్క మాటలో రాస్తే మార్కుల్లేవు.