వైఫై పెట్టెలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ఎలా చూడాలి?

వైఫై రావడం లేదని హాస్టల్ పిల్లలు ఫిర్యాదు చేస్తే చాలామంది చేసే పని ఒకటే. యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె, కిందే నిలబడి స్పీడ్ టెస్ట్ చేసి, ‘బాగానే వస్తోంది కదా’ అని వెళ్లిపోతారు. సాగర్ ఎడమ కాలువ తూము దగ్గర నీళ్లు చూసి చివరి మడి తడిసిందని రాసుకున్నట్టే ఇది. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్లలో కాలేజీలకు, లాడ్జీలకు, ఫంక్షన్ హాళ్లకు ఏళ్లుగా ఈ పెట్టెలు బిగిస్తున్నాను. చెడిపోయిన పెట్టెల కంటే, చూడవలసిన చోట చూడక పీకి పారేసిన మంచి పెట్టెలే నాకు ఎక్కువ కనిపించాయి.

కావలసినవి నాలుగే: వైఫై అనలైజర్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోను, లాప్‌టాప్, యాక్సెస్ పాయింట్ల నిర్వహణ పేజీ పాస్‌వర్డ్, గళ్ల రిజిస్టరు. ఫోను పాతదే అయి ఉండాలి. కొత్త ఫోనుతో కొలిచి, పాత ఫోను వాడే పిల్లవాడికి సమాధానం చెప్పలేం. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లు రెండు నిమిషాల్లో నాలుగు స్కాన్లకు మించి చేయలేవు. 10 నుంచి డెవలపర్ ఆప్షన్లలో ఆ అడ్డు తీసేయవచ్చు. తీయకుండా నడిస్తే తెర మీద కనిపించేది మీరు దాటి వచ్చిన గది అంకె.

మొదట ప్రతి పెట్టె పేరు, అంతస్తు, ఛానెల్ (పెట్టె వాడే రేడియో తరంగాల దారి), పవర్, ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో రిజిస్టరులో ఎక్కించండి. ఈ చివరి అంకెను వదలకండి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో రోజూ నెట్ పోతోందన్నారు. చూస్తే పెట్టె ఎప్పుడూ మూడు నాలుగు గంటలకు మించి నడవడం లేదు. మిల్లు మోటారు వేసినప్పుడల్లా వోల్టేజీ పడి అది మళ్లీ మొదలవుతోంది. చిన్న యూపీఎస్‌తో బాగైంది.

తర్వాత తలుపు మూసి, మంచం మీద కూర్చుని సిగ్నల్ చూడండి. వరండాలో చూసింది లెక్కలోకి రాదు. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో, మైనస్ అంకెల్లో కొలుస్తారు; సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 67 డీబీఎం వరకు కాల్స్ నిలుస్తాయి. మైనస్ 75 దాటితే ఆ గదికి వైఫై లేదనే రాసుకోండి. మైనస్ 60కీ మైనస్ 70కీ మధ్య తేడా పది రెట్లు. పాలమూరు పాత ఇళ్ల రాతి గోడ ఒక్కటి అడ్డం వచ్చినా ఈ తేడా వచ్చేస్తుంది.

లాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి రెండు పింగ్‌లు (చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూసే పరీక్ష) పక్కపక్కన పది నిమిషాలు నడపండి: ఒకటి గేట్‌వేకి, అంటే భవనంలోని రౌటర్‌కి, ఒకటి బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. మొదటిదే ఎగిరెగిరి పడుతుంటే లోపం మీ భవనంలోనే ఉంది. మొదటిది నిలకడగా ఉండి రెండోది తడబడితే నెట్ ఇచ్చేవారిని అడగండి. ఈ పనికి ఫోను వద్దు. బ్యాటరీ ఆదా కోసం అది మధ్యమధ్య కునుకు తీస్తుంది, అంకెలు తప్పుతాయి.

ఇక అసలు పని. అందరూ తప్పు చేసేది ఇక్కడే. నిర్వహణ పేజీలో రేడియో వివరాల కింద ‘ఛానెల్ యుటిలైజేషన్’ అనో ‘ఎయిర్‌టైమ్’ అనో ఒక శాతం ఉంటుంది. ఒక ఛానెల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. గ్రామసభలో ఉన్న ఒక్క మైకు లాంటిదది. ఎంతసేపు ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారో చెప్పేది ఈ శాతం. సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా మైకు ఖాళీ లేకపోతే మీ మాట సభకు చేరదు.

దీన్ని పగలు చూడకండి. హాస్టల్ అయితే రాత్రి 8.30 నుంచి 9.30 వరకే చూడాలి. ఐదు నిమిషాల సగటును నమ్మకండి. సగటు 45 చూపిస్తున్నప్పుడు మధ్యలో ఒక నిమిషం 90 తాకి ఉండవచ్చు, కాల్ తెగేది ఆ నిమిషంలోనే. పేజీ ముందు కూర్చుని నిమిషానికొకసారి రాసుకోండి. 50 దాటితే కనిపెట్టి ఉండాలి. 70 దాటితే సరిచేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ శాతాన్ని విడదీయడం. పెట్టె తాను పంపింది ఎంత, తన ఫోన్ల నుంచి అందుకుంది ఎంత, ఇతరులది ఎంత? సొంత వాటా ఎక్కువైతే అతుక్కున్న ఫోన్ల వేగం చూడండి. 6 మెగాబిట్ల వేగంతో వేలాడే ఫోను, 60 మెగాబిట్ల ఫోను కంటే అదే ఫైలుకు సుమారు పది రెట్ల సమయం ఛానెల్‌ను పట్టి ఉంచుతుంది. ఇతరుల వాటా ఎక్కువైతే కొత్త పెట్టె కొనడం మంటలో నెయ్యి పోయడమే.

నల్లగొండలో ఒక మూడంతస్తుల హాస్టల్లో అదే జరిగింది. మూల గదిలో సిగ్నల్ మైనస్ 52, ఫోనులో గీతలు నిండుగా ఉన్నాయి, వీడియో కాల్ మాత్రం ముక్కలు ముక్కలు. అప్పటికే రెండు పెట్టెలు అదనంగా కొన్నారు, పరిస్థితి ఇంకా పాడైంది. రాత్రి 8.45కు చూస్తే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో 84 శాతం నిండి ఉంది. అందులో ఆ పెట్టె సొంత పని 19 శాతమే. మిగతాది తోటి పెట్టెల సందడి. ఏడు పెట్టెలూ ఛానెల్ 6 మీదే, పూర్తి పవర్‌తో, ఒక్కొక్కటి ఐదు వైఫై పేర్లతో ఉన్నాయి. ప్రతి పేరూ సెకనుకు సుమారు పదిసార్లు తన ఉనికిని చాటుకుంటుంది, అదీ అతి తక్కువ వేగంతో. పేర్లు రెండుకు తగ్గించాను, ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 ఛానెళ్లను పెట్టెలకు పంచాను, ఛానెల్ వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కు దించాను, పవర్ తగ్గించాను.

ఆటోమేటిక్ ఛానెల్ మీద నాకు నమ్మకం లేదు. రాత్రి రద్దీలో పెట్టె ఛానెల్ మారిస్తే మాట్లాడుతున్నవారి కాల్ పోతుంది. ఛానెల్ చేత్తోనే పెట్టాలి.

పెట్టెలు పదికి మించితే అన్నిటినీ ఒకచోట కనిపెట్టి గ్రాఫులు గీసే లిబ్రెఎన్ఎంఎస్ గానీ జబ్బిక్స్ గానీ పెట్టుకోండి, రెండూ ఉచితమే. అవి పెట్టెల అంకెలు చదివే పద్ధతి ఎస్ఎన్ఎంపీ; దానికి పాస్‌వర్డ్‌లా ‘పబ్లిక్’ అనే పాత మాట ఉంటే ముందు మార్చండి. అయినా రిజిస్టరు మానకండి. ఏ తేదీన ఏ పెట్టెలో ఏమి మార్చారో గ్రాఫు చెప్పదు.

మార్పు చేసిన రాత్రే కొలవకండి. వారం ఆగి, అదే గదిలో, అదే ఫోనుతో, అదే సమయానికి చూసి పక్క గడిలో రాయండి. ఆ హాస్టల్ రిజిస్టరులో 84 పక్కన 38 అని ఉంది.