ఆకులపై ద్రవ ఎరువు: మాడితే, జారితే, పని చేయకపోతే

ఆకు మాడగానే ఎరువును తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు సీసాలో ఉండదు, కలిపిన కొలతలోనో కొట్టిన వేళలోనో ఉంటుంది.

మర్నాటికే అంచులు మాడాయి, మచ్చలు పడ్డాయి

చిక్కగా కలిపి ఉంటారు, లేదా ఎండలో కొట్టి ఉంటారు. నీరు ఆవిరైపోయాక లవణాలు ఆకు మీద మిగిలి, కణాల్లోని నీటిని లాగేస్తాయి. వెంటనే గమనిస్తే ఆకులను రెండు వైపులా మంచినీళ్లతో కడిగేయండి. మాడిన చోటు మళ్లీ పచ్చబడదు. కొత్త చిగురు బాగుంటే టెన్షన్ అక్కర్లేదు. ఈసారి సీసా మీద రాసిన మోతాదులో సగమే కలిపి, ఒక కొమ్మకు కొట్టి రెండు రోజులు చూడండి. ఎండ ఎక్కకముందే పని ముగించాలి. సాయంత్రం కొడితే రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగుళ్లు పట్టవచ్చు. మొక్క వాడి ఉంటే ముందు పాదులో నీళ్లు పోయండి, పిచికారీ తర్వాత చూసుకోవచ్చు.

ద్రవం ఆకు మీద నిలవడం లేదు

క్యాబేజీ, ఉల్లి ఆకులకు మైనపు పొర ఉంటుంది, చుక్కలు జారిపోతాయి. లీటరుకు నాలుగైదు చుక్కల మెత్తటి ద్రవ సబ్బు కలపండి. బట్టల డిటర్జెంట్ మాత్రం వద్దు. చాలా మొక్కలకు పత్రరంధ్రాలు ఆకు అడుగునే ఎక్కువ, కాబట్టి కింది వైపూ తడవాలి.

ఎన్నిసార్లు కొట్టినా పసుపు పోవడం లేదు

ముందు ఏ ఆకులు పసుపుబారాయో చూడండి. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే సాధారణంగా నత్రజని లోపం. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. 5 శాతం నత్రజని ఉన్న చేపల ద్రావణాన్ని (చేపల వ్యర్థాలతో చేసిన ద్రవ ఎరువు) లీటరుకు 5 మిల్లీలీటర్లు కలిపితే, ఆ లీటరు మొత్తంలో ఉండే నత్రజని దాదాపు పావు గ్రాము. అందులోనూ కొంత కిందికి కారిపోతుంది. ఎదిగే మొక్కకు అది ఏ మూలకూ చాలదు. అదే ద్రావణాన్ని పాదులో పోయండి, కంపోస్టు వేయండి.

ముదురాకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా ఉంటే మెగ్నీషియం లోపం కావచ్చు. లేత ఆకుల్లో అలా కనిపిస్తే ఇనుము అనుమానించాలి. క్షార నేలలో ఇనుము ఉన్నా వేర్లకు అందదు. నా దృష్టిలో పిచికారీకి అసలైన పని ఇక్కడే: కొద్ది మోతాదు చాలు, ఫలితం త్వరగా కనిపిస్తుంది. కాకపోతే ఇనుము పాత ఆకుల నుంచి కొత్త ఆకులకు సరిగా చేరదు, కొత్త చిగురు వచ్చాక మళ్లీ కొట్టాలి. మరి పాదులో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతుంటే? అప్పుడు ఏ ద్రావణమూ పనికిరాదు.

నాజిల్ మూసుకుపోతోంది

పలుచటి బట్టలో రెండుసార్లు వడకట్టండి. మిగిలిన ద్రావణాన్ని స్ప్రేయర్‌లో ఉంచకండి.

కంపోస్టు టీ (కంపోస్టు నానబెట్టి తీసిన ద్రవం) కుళ్లు వాసన వస్తోంది

గాలి ఆడక పాడైంది, ఆకులపై కొట్టకండి. వాసన బాగున్నా సరే, పచ్చిగా తినే ఆకుకూరల మీద నేనైతే కొట్టను. హానికర బ్యాక్టీరియా ఉండే వీలుంది.

టమాటా కాయ అడుగు నల్లబడింది

కాయకు కాల్షియం అందలేదు. ఆకు మీద కాల్షియం కొడితే అది కాయలోకి దాదాపుగా వెళ్లదు, వేర్ల నుంచి నీటితో పాటే రావాలి. ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచెత్తడం మానేసి, మట్టి మీద ఎండుటాకులు పరిచి, తేమ ఒకేలా ఉంచండి. నల్లబడ్డ కాయలు కోసేయండి, తర్వాతి పిందెలను గమనించండి.